పెద్ద మామిడి చెట్టు కొమ్మలు కొట్టించే ముందు

మా పెరట్లో ఒక బంగినపల్లి చెట్టు ఉంది. మా నాన్న నాటిన అంటు, ముప్పై అయిదేళ్లు దాటింది. పన్నెండేళ్ల కిందట దసరా సెలవుల్లో, ఆకులు పక్కవాళ్ల డాబా మీద పడుతున్నాయని మాట వస్తే, ఒక మనిషిని పిలిపించి పైనంతా సమంగా కొట్టించాను. పొద్దున ఎనిమిదికి ఎక్కినవాడు పదకొండుకి దిగాడు. చెట్టు గుండు కొట్టించుకున్నట్టు తయారైంది. ఆ ఎండాకాలం ఒక్క కాయ లేదు, ఆ మరుసటేడూ లేదు. కొట్టిన ప్రతి మోడు చుట్టూ చీపురుకట్ట తిరగేసినట్టు పదేసి కొమ్మలు నిలువుగా లేచాయి. మూడో ఏడు ఈదురుగాలికి వాటిలో ఒకటి మొదలంటా ఊడి పక్కింటి నీళ్ల ట్యాంకు మీద పడింది. ఆకులు పడుతున్నాయన్నవాళ్లకి కొమ్మే పంపించాను.

చెట్టెక్కినతని తప్పేం లేదు. నేను చెప్పిందే చేశాడు. చెప్పిన నెల తప్పు, చెప్పిన చోటు తప్పు. ఆ తర్వాత తోట ఉన్న బంధువుల దగ్గర అడిగి, చదివి, నా చెట్టు మీదే చేసి చూసి నేర్చుకున్నది రాస్తున్నాను. మామిడిని దృష్టిలో పెట్టుకునే రాసినా, ఎక్కడ కోయాలి, ఎంత కోయాలి అన్నది వేపకీ, పనసకీ, నేరేడుకీ కూడా ఇంతే.

ముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. మన వేలు తెగితే తెగిన చోటే కొత్త చర్మం పుడుతుంది. చెట్టుకి అలా ఉండదు. తెగిన చెక్క తెగినట్టే జీవితాంతం లోపల ఉండిపోతుంది. చెట్టు చేయగలిగింది రెండే: దెబ్బ తిన్న భాగానికి చుట్టూ లోపల గోడ కట్టడం, పైన కొత్త చెక్కతో కప్పేయడం. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో అనే శాస్త్రవేత్త చైన్ సాతో చెట్లను నిలువునా చీల్చి, లోపలి కుళ్లు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చూసి, 1970ల్లో ఈ సంగతి తేల్చి చెప్పాడు. అంటే మీరు కోసే ప్రతి కోతా చెట్టుకి ఒక పని అప్పగించడమే. మూసుకోగలిగినన్ని గాయాలు, మూసుకోగలిగిన చోట పెడితే మూసుకుంటుంది. లేకపోతే పైకి పచ్చగానే కనబడుతూ లోపల డొల్లవుతుంది.

ఎప్పుడు

కాయ కోత అయిపోయిన వెంటనే. మృగశిర కార్తెతో మొదలుపెట్టి పునర్వసు దాటేలోపు, అంటే జూన్ రెండో వారం నుంచి జూలై మూడో వారం లోపు ముగించేస్తే మంచిది. ఆలస్యంగా కాసే రకాలకి ఇంకో రెండు వారాలు చూడొచ్చు.

ఎందుకంటే మామిడికి పూత వచ్చేది ముదిరిన రెమ్మ కొసన. జూన్‌లో కోస్తే వానలకి చిగురేసి, ఆ చిగురు ఎరుపు తిరిగి, పచ్చబడి, గట్టిపడి, డిసెంబరు నాటికి పూతకి సిద్ధమవుతుంది. నాలాగా దసరాకి కోస్తే కార్తీకంలో చిగురొస్తుంది. పూత రావాల్సిన వేళకి చెట్టు నిండా లేతాకులే ఉంటాయి. ఇక పూతెక్కడిది?

వాన పడుతున్నప్పుడు మాత్రం కోయకండి. తడి కోతలో బూజు త్వరగా దిగుతుంది, ఎక్కినవాడి కాలూ జారుతుంది. రెండు మూడు రోజులు వరుపు ఇచ్చినప్పుడు చూసుకుని పని పెట్టుకోండి. పూర్తిగా ఎండిన కొమ్మలకి కార్తెలతో పని లేదు, వాటిని ఎప్పుడైనా తీసేయొచ్చు.

మిగతా చెట్లకి గుర్తు ఒకటే. కొత్తాకు లేతగా ఉన్నప్పుడు ముట్టుకోకూడదు. దాచుకున్న తిండంతా చిగురుకే ఖర్చుపెట్టి చెట్టు ఖాళీ చేతులతో ఉండే సమయం అది. వేపని ఉగాది ముందర చిగురు మీద నరికేవాళ్లని చూస్తే నాకు ఇప్పుడు కడుపు తరుక్కుపోతుంది.

సామాను

గొడ్డలీ, వేటకత్తీ ఇంట్లోనే ఉంచండి. అవి కోయవు, నలగ్గొడతాయి. వంపు తిరిగిన చేతి రంపం ఒకటి కొనుక్కోండి. వెనక్కి లాగినప్పుడు కోసే రకం అయితే చేయి నొప్పి పుట్టదు. బొటనవేలు లావు లోపు రెమ్మలకి కత్తెర చాలు, నర్సరీ సామాన్ల కొట్లో సికేచర్ అనడిగితే ఇస్తారు. ఒక మోకు, గట్టి నిచ్చెన, సుద్దముక్క, ఒక సీసా సర్జికల్ స్పిరిట్. తెగులున్న కొమ్మ కోసిన ప్రతిసారీ రంపం పళ్లని స్పిరిట్ గుడ్డతో తుడవాలి. ఇది చాలామంది చేయరు. ఒక కొమ్మ మీది తెగులుని మనమే రంపంతో మోసుకెళ్లి పది కొమ్మలకి అంటిస్తాం.

ముందు కింద నిలబడి చూడండి

ఎక్కకముందు కనీసం ఒక పూట చెట్టు చుట్టూ తిరగండి. మిట్టమధ్యాహ్నం చెట్టు మొదట్లో నిలబడి నేల చూడండి. అక్కడక్కడా రూపాయి బిళ్లల్లా ఎండ పడుతుంటే మీ చెట్టుకి పెద్ద పని లేదు. చీకటి గుయ్యారంలా ఉంటే ఉంది. బంగినపల్లి లాంటి రకాలు గొడుగులా కమ్ముకుపోతాయి. ఆ నీడలో తేనెమంచు పురుగు కాపురం పెడుతుంది, ఆకుల మీద మసి పడుతుంది, కాయంతా చెట్టు పైచుట్టుకే పరిమితమవుతుంది.

తీయాల్సిన వాటికి సుద్దతో గీత పెట్టుకుంటూ వెళ్లండి. మొదట ఎండినవి. అనుమానముంటే బెరడు గోటితో గీరండి, కింద పచ్చగా ఉంటే బతికుందని లెక్క. పుల్లలు కొస నుంచి లోపలికి ఎండుకొస్తుంటే పచ్చి భాగంలోకి నాలుగైదు అంగుళాలు దిగి కోయాలి. తర్వాత ఒకదాన్నొకటి రాసుకుంటున్న కొమ్మలు, రెండిట్లో బలహీనమైనది పోవాలి. ఆ తర్వాత నేలకి వేలాడుతూ మట్టి తాకేవి.

బదనిక, అంటే కొమ్మ మీదే మొలిచి దాని రసంతో బతికే మొక్క, ఉందేమో తప్పక చూడండి. మామిడి ఆకులకంటే దళసరిగా, వేరే పచ్చ రంగులో, గుత్తిగా ఉంటుంది. గొట్టాల్లాంటి పూలు పూస్తుంది. దాని పండు తిన్న పిట్ట, జిగురు వదలని గింజని కొమ్మకేసి రాస్తుంది, అక్కడే మొలుస్తుంది. బదనికని పైపైన లాగేస్తే మళ్లీ వస్తుంది, దాని వేళ్లు కొమ్మ లోపలుంటాయి. చిన్న కొమ్మైతే అంటుకున్న చోటికి అడుగు కింద నుంచి కోసేయండి. తొడ లావు కొమ్మ మీద కూర్చుని ఉంటే, దాని కోసం అంత కొమ్మని బలి పెట్టొద్దు. ప్రతి ఏడూ పండ్లు పట్టకముందే గీకేసి చిన్నబుచ్చుతూ ఉండండి.

మాను మీదా, పంగల్లోనూ రంపపు పొట్టులాంటిది రాలుతుంటే కాండం తొలిచే పురుగు లోపలుంది. రంధ్రంలో ఇనపతీగ పెట్టి కెలికి, పురుగుని లాగేసి, పెట్రోల్‌లో ముంచిన దూది కుక్కి, తడిమట్టితో మెత్తాలి. ఇది కోతకంటే ముందు చేయాల్సిన పని. పురుగు తింటున్న చెట్టుకి మనం ఇంకో పది గాయాలు చేయడం అన్యాయం.

ఇవన్నీ అయ్యాక మాత్రమే నడిమధ్య నిలువుగా పైకి పోయిన కొమ్మ సంగతి. పెద్ద మామిడిలో గాలీ వెలుతురూ కావాలంటే చుట్టూ వంద రెమ్మలు గిల్లడం కంటే నడిమి కొమ్మ ఒకటి తీసేయడం మేలు. అలాగని ఈ ఏడే రెండు మూడు తీయొద్దు.

ఎంత

ఒక ఏడాదిలో పచ్చి ఆకులో నాలుగో వంతుకి మించి పోకూడదు. అది కూడా కండ ఉన్న చెట్టుకి. నలభై యాభై ఏళ్ల ముసలి చెట్టుకైతే పదో వంతు దగ్గరే ఆగండి. పని మిగిలిపోతే వచ్చే జూన్ ఉంది, ఆ పై జూన్ ఉంది. ఆకే చెట్టుకి వంటిల్లు. సగం వంటిల్లు కూల్చేసి, పైగా గాయాలు కూడా మాన్పుకోమంటే ఎక్కడి నుంచి తెస్తుంది?

లావు కొమ్మలతో ఇంకో చిక్కుంది. నడిమి చెక్క ముసలిది, అందులో ప్రాణమున్న కణాలు ఉండవు, కుళ్లుకి అడ్డుగోడ కట్టుకోలేదు. మణికట్టు లావు కొమ్మ కోత కొన్నేళ్లలో మూసుకుంటుంది. తొడ లావుది చాలాసార్లు మూసుకోకముందే లోపల పుచ్చుతుంది. కాబట్టి ఒక పెద్ద కొమ్మా, నాలుగు చిన్న కొమ్మలా అన్న ప్రశ్న వస్తే చిన్నవాటి వైపే మొగ్గండి. నడిమి కొమ్మ విషయంలో మాత్రం దీనికి మినహాయింపు ఇచ్చుకోక తప్పదు.

పాత తోటలని మనిషెత్తుకి రెండింతల దగ్గర మొత్తం నరికి మళ్లీ చిగురింపజేసే పద్ధతి ఒకటుంది, లక్నో దగ్గరి మామిడి పరిశోధన సంస్థ వాళ్లు ప్రచారంలోకి తెచ్చింది. అది కాపు ఉడిగిన తోటల కోసం, పురుగుమందుల కాపలాతో, రెండు మూడేళ్లు కాయ వదులుకుని చేసే పని. దాన్ని చూసి పెరటి చెట్టుని మోడు చేయకండి.

ఇంకో పొరపాటు కూడా తరచుగా కనబడుతుంది. ఎక్కినవాడు లోపలి చిన్న రెమ్మలన్నీ శుభ్రంగా గీసేసి కొసన ఒక్క కుచ్చు వదులుతాడు. చూడ్డానికి ఖాళీగా, శుభ్రంగా ఉంటుంది. కానీ బరువంతా కొసకి చేరి, మొన్నటిదాకా ఊగిన కొమ్మ ఇక గాలికి విరుగుతుంది.

ఎక్కడ కోయాలి

అసలు విద్య ఇక్కడుంది, తొందరపడకండి.

ఏ కొమ్మైనా మానులోంచి బయలుదేరే చోట పరీక్షగా చూడండి. పై వైపు, పంగ లోపల, బెరడు ముడతపడి నల్లటి గట్టులా కనబడుతుంది. కింది వైపు కొంచెం ఉబ్బెత్తుగా, చొక్కా కాలర్ మడత పెట్టినట్టు ఉంటుంది. కంటికి ఆనకపోతే అరచేత్తో తడమండి, తెలుస్తుంది. దాన్ని నేను మెడ అంటాను. గాయాన్ని మూసే కణాలు ఉండేది ఈ మెడలోనే. ఇది మానుకి చెందింది, కొమ్మకి కాదు. మెడని మిగిల్చి, దానికి సరిగ్గా బయట కోయాలి.

మానుకి ఆనించి నున్నగా కోస్తే మెడ పోతుంది. గాయం రెట్టింపవుతుంది, కుళ్లు సూటిగా మానులోకి దిగుతుంది. మేస్త్రీ గోడ నునుపు చేసినట్టు కోయడమే పనితనం అనుకునేవాళ్లు ఉన్నారు, వాళ్లని ఆపండి. జానెడు మోడు వదిలేసినా తప్పే. ఆకు లేని మోడుకి తిండి అందదు, ఎండుతుంది, పుచ్చుతుంది, మెడ దాన్ని దాటి కప్పలేదు. చొక్కా తగిలించుకోవడానికి తప్ప మోడు ఎందుకూ పనికిరాదు.

లావు కొమ్మని ఒకే కోతతో పడగొట్టాలని చూస్తే, సగం తెగేసరికి బరువుకి వంగి, కింది బెరడుని మాను పొడుగునా రెండడుగులు చీల్చుకుంటూ పడుతుంది. అరటి పట్ట ఊడదీసినట్టు ఊడొస్తుంది. అందుకని మూడు కోతలు పెట్టాలి.

మొదటిది కింద నుంచి. మెడకి అడుగు దూరంలో, కొమ్మ అడుగు భాగాన, లావులో మూడో వంతు దాకా పైకి కోయండి. రంపం బిగుసుకుంటోందనిపించగానే ఆపేయాలి.

రెండోది పై నుంచి. మొదటి కోతకి రెండు మూడు అంగుళాలు కొస వైపు జరిగి కిందికి కోయండి. కాసేపటికి ఫెళ్లుమని విరిగి పడుతుంది, చీలిక మొదటి కోత దగ్గరే ఆగిపోతుంది. కింద మనుషులెవరూ ఉండకూడదు. కింద రేకులో, గోడో ఉంటే కొమ్మని ముందే మోకుతో పై పంగకి కట్టి మెల్లగా దింపుకోవాలి.

ఇక మిగిలింది అడుగు మోడు, బరువు లేదు. మూడో కోత మెడ దగ్గర. పైన ముడతకి ఒక వేలు వెడల్పు బయట రంపం ఆనించి, కింద ఉబ్బు ముగిసే చోటికి చూపు పెట్టి కోయండి. మెడ కింది వైపు లావుగా ఉంటుంది కాబట్టి కోత నిటారుగా రాదు, కింది అంచు మానుకి కాస్త ఎడంగా వస్తుంది. అదే సరైన వాటం. చివరి అంగుళం దగ్గర రెండో చేత్తో మోడుని పట్టుకోండి, లేకపోతే చిన్న బెరడు చీలిక అక్కడా లేస్తుంది.

ఎండిన కొమ్మకి మెడ చాలాసార్లు ముందుకి పాకి, ఎండు చెక్క మీదికి అంగుళమో రెండంగుళాలో ఎక్కి ఉంటుంది. ఆ పచ్చి భాగం జోలికి పోకుండా, దాని అంచు దగ్గరే కోయాలి.

ఎత్తు తగ్గించాల్సి వస్తే నడి కొమ్మని గాల్లో తెగ్గొట్టకండి. పక్క కొమ్మ చీలే చోటు వెతికి అక్కడ కోయండి. ఆ పక్క కొమ్మ, కోసేసే కొమ్మ లావులో కనీసం మూడో వంతైనా ఉండాలి. అప్పుడు అదే కొత్త కొస అవుతుంది, చీపురుకట్టలు లేవవు.

కూర్చున్న కొమ్మ

సామెత మీకు తెలిసిందే, నిజంగా అలా చేసేవాళ్లు ఉన్నారు కాబట్టి రాస్తున్నాను. కోసే కొమ్మ మీద గానీ, దాని కింద గానీ ఉండకూడదు. మోకు నడుముకి కట్టి, మీరు కోయని కొమ్మకి వేసుకోవాలి. భుజం దాటిన ఎత్తులో రంపం పనిచేయించకండి. చైన్ సా నిచ్చెన మీద నిలబడి పట్టడం ఆ పని తెలిసినవాళ్లు కూడా చేయరు.

కరెంటు తీగలు దగ్గరుంటే దోటి కూడా ఎత్తొద్దు. లైన్‌మన్‌కి చెప్పి, ఎల్సీ (లైన్ క్లియర్, అంటే తీగలో కరెంటు ఆపించడం) తీసుకున్నాకే పని. పచ్చి కొమ్మ తీగని తాకితే దాని గుండా కరెంటు వస్తుంది, వెదురు దోటి తడిగా ఉంటే దాని గుండా కూడా.

తేనెపట్టు, పిట్టగూడు, ఆకులు కుట్టి గూళ్లు కట్టే ఎర్రచీమలు ముందే చూసుకోండి. గూట్లో పిల్లలుంటే ఆ కొమ్మని వచ్చే ఏటికి వదిలేస్తే పోయేదేం లేదు. మామిడి సొన చర్మం మీద పడితే బొబ్బలెక్కుతుంది, పొడుగు చేతుల చొక్కా వేసుకుని మిగతా చోట్ల కొబ్బరినూనె రాసుకోండి.

గాయానికి ఏం పూయాలి

దీని మీద రెండు మాటలు వినబడతాయి. పూతలు కుళ్లుని ఆపవనీ, కొన్ని తేమని లోపల బంధించి ఇంకా చెడగొడతాయనీ విదేశీ పరిశోధనలు చెబుతాయి. మన ఉద్యాన శాఖవాళ్లు మాత్రం మామిడి కోతలకి బోర్డో పేస్టు పూయమంటారు. మనం కోసేది వానాకాలం మొదట్లో, కొమ్మ ఎండు తెగులూ కాండం తొలిచే పురుగూ కాచుకుని ఉండే కాలంలో. అందుకని నేను వీళ్ల మాటే వింటాను, కానీ మణికట్టు లావు దాటిన కోతలకి మాత్రమే. చిన్నవాటిని గాలికి వదిలేస్తాను. తారు, ఎనామిల్ పెయింటు, సిమెంటు మాత్రం ఎవరు చెప్పినా వద్దు.

పేస్టు ఇంట్లోనే చేసుకోవచ్చు. వంద గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీళ్లలో, వంద గ్రాముల సున్నం ఇంకో అర లీటరులో, విడివిడిగా ప్లాస్టిక్ డబ్బాల్లో నానబెట్టి, రెండూ మూడో డబ్బాలో పోస్తూ కర్రతో కలపాలి. ఇనప గిన్నె వాడకూడదు. కలిశాక ఇనప చాకు ఒక నిమిషం ముంచి తీయండి. దాని మీద రాగి రంగు పడితే తుత్తం ఎక్కువైంది, ఇంకాస్త సున్నం కలపాలి. ఆ రోజు చేసింది ఆ రోజే వాడేయండి.

ఇన్నాళ్లూ నీడలో ఉండి ఒక్కసారిగా ఎండలో పడ్డ కొమ్మల బెరడు మాడి పగులుతుంది. పడమటి ఎండ తగిలే వైపు వాటికి పలచగా సున్నం కొట్టండి.

తర్వాతి నెలలు

మాను మొదట్లో కాదు, కొమ్మల కొసల కింద, నీడ అంచు దగ్గర పాదు చేసి నాలుగైదు గంపల చివికిన పశువుల ఎరువు వేయండి. తిండి తీసుకునే సన్న వేళ్లు ఎక్కువగా అటే ఉంటాయి. లోతుగా తవ్వి వాటిని తెంపొద్దు. యూరియా ఎక్కువ వేస్తే నీటి కొమ్మలు, అంటే చీపురుకట్టలా నిలువుగా లేచేవి, ఎగదన్నుతాయి.

ఆ కొమ్మలు ఎలాగూ కొన్ని వస్తాయి. వాటిని చూడగానే అన్నీ పీకేయకండి, గాయం మాన్పుకోవడానికి చెట్టు తెచ్చుకున్న ఆకు అది. ఆగస్టు చివరికి పెన్సిల్ లావు అవుతాయి. అప్పుడు ఒక్కో కోత దగ్గర బయటి వైపు తిరిగినవి ఒకటి రెండు ఉంచి మిగతావి కత్తెరతో తీసేయండి. నేను దసరాకి చేసిన ఘనకార్యాన్ని సరిదిద్దుకోవడానికి ఇలా మూడు జూన్‌లు, మూడు ఆగస్టులు పట్టింది.

బరువైన కొమ్మ కిందికి వాలిందని కోయాల్సిన పని ప్రతిసారీ ఉండదు, పోటు పెట్టొచ్చు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి దీనికి పెద్ద ఉదాహరణ. 2017 చివర్లో చెదలు తిన్న కొమ్మ ఒకటి విరిగిపడితే, కొమ్మలకి కింద స్తంభాలు కట్టి నిలబెట్టారు. 2018లో సెలైన్ సీసాల్లో మందు నింపి చెట్టుకి బొట్టుబొట్టుగా ఎక్కించిన ఫొటోలు అప్పట్లో అందరూ చూసే ఉంటారు. ఇంటి చెట్టుకి ఒక సర్వి బాదు, పైన పాత టైరు ముక్క మెత్తగా పెడితే సరిపోతుంది.

మాను మొదట్లో పుట్టగొడుగులు లేస్తున్నా, ఒక పక్కకి వాలి నేల పగులిచ్చినా అది కత్తిరింపుతో తీరేది కాదు. తెలిసినవాళ్లని పిలిచి చూపించండి. చెట్టు తీసేయాలని తేలితే నరికే ముందు 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) కింద అనుమతి కావాలేమో మీ ఊళ్లో కనుక్కోండి.

మళ్లీ మృగశిరకి ఎక్కినప్పుడు కిందటేడు కోతల మీద చేయి వేసి చూడండి. సరిగ్గా పడ్డ కోత చుట్టూ కొత్త చెక్క నిండు ఉంగరంలా తిరిగి ఉంటుంది, మురుకు చుట్టినట్టు. పక్కల మాత్రమే లేచి, పైనా కిందా ఖాళీగా ఉండి, గాయం కంటి ఆకారంలో కనబడితే మానుకి మరీ దగ్గరగా కోశారన్నమాట. మా చెట్టుకి తూర్పు పక్క కొమ్మ మీది కోత అయిదో ఏటికి రూపాయి బిళ్లంత మిగిలింది, కిందటి వానల్లో అదీ మూసుకుంది. పడమటిది ఇంకా కన్ను తెరుచుకునే ఉంది.